అత్తగారి మంచం పక్కన ఒక్కదానివే ఉండకు

అమ్మా, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. మీ అత్తగారికి పోయిన శ్రావణమాసంలో పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట పోయింది, ఎనిమిది నెలలుగా మంచం మీదే ఉన్నారు. మీ ఆయనకి బెంగళూరులో ఉద్యోగం, శనివారం వచ్చి ఆదివారం రాత్రి బస్సెక్కేస్తారు. ఆడపడుచు వైజాగ్‌లో ఉంటుంది, రోజూ ఫోన్ చేసి అమ్మకి ఏం పెట్టావు, డైపర్ ఎన్నిసార్లు మార్చావు అని అడుగుతుంది. నువ్వు స్కూల్లో టీచర్ ఉద్యోగం మానేశావు, ఇద్దరు పిల్లలు. మొన్న రాత్రి ఆవిడ మూడోసారి అన్నం ఉమ్మేస్తే చెంచా విసిరికొట్టి గట్టిగా అరిచావు. ఆవిడ ఏడ్చారు, నువ్వు బాత్‌రూమ్‌లోకి వెళ్లి పిల్లలకి వినపడకుండా కుళాయి తిప్పుకుని ఏడ్చావు. "ఈవిడ పోతే బాగుండు అనిపించింది, అసలు నేను మనిషినేనా" అని అడిగావు. నా కన్నా చాలా చిన్నదానివి కాబట్టి నువ్వు అనే అంటాను, ఏమీ అనుకోకు.

నేను 27 ఏళ్లు ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేశాను, అందులో ఎక్కువ కాలం మెడికల్ వార్డులోనే. ఆ తర్వాత మా అమ్మకి ఇదే జబ్బు వస్తే ఐదేళ్లు ఇంట్లో చూసుకున్నాను. ఒక రోజు మధ్యాహ్నం అమ్మ యూరిన్ ట్యూబు పీకేసుకుంటుంటే ఆ చేతి మీద కొట్టాను. గట్టిగానే కొట్టాను. వేల మంది పేషెంట్లని చూసిన చెయ్యి అది, ఒక్కరి మీద కూడా లేవలేదు, కన్నతల్లి మీద లేచింది. ఆ రోజు నుంచి నేను ఆలోచించింది ఒక్కటే, వార్డులో రాని కోపం ఇంట్లో ఎందుకు వచ్చిందని. జవాబు దొరకడానికి నాకు చాలా కాలం పట్టింది. వార్డులో నాకు డ్యూటీ దిగే టైమ్ ఉండేది. పొద్దున ఎనిమిది నుంచి రెండు, రెండు నుంచి రాత్రి ఎనిమిది, నైట్ అయితే ఎనిమిది నుంచి మర్నాడు ఎనిమిది. తర్వాత వచ్చే సిస్టర్‌కి ప్రతి మంచం గురించి చెప్పి, రిజిస్టర్‌లో సంతకం పెట్టి, చేతులు కడుక్కుని ఇంటికి పోయేదాన్ని. ముగ్గురం వంతులు వేసుకుని చేసే పని అది. ఇంట్లో ఆ ముగ్గురి పనీ ఒక్క మనిషి నెత్తిన పెట్టి, దానికి ప్రేమ అనో ధర్మం అనో పేరు పెడతాం. ఇంట్లో ఒక్కదాన్నే చేస్తూ అలసిపోయినప్పుడు నాలో ప్రేమ తక్కువైందేమోనని నన్ను నేనే అనుమానించుకున్నాను. అది తప్పు లెక్క.

అందుకని నీ ప్రశ్నకి సూటిగా చెబుతున్నాను. నువ్వు మనిషివే, మంచిదానివే, నిద్రలేని మనిషివి. "పోతే బాగుండు" అనే మాట నాకు వార్డు బయట వరండాలో ఎంతమంది కూతుళ్లు, కోడళ్లు, భార్యలు చెవిలో చెప్పారో లెక్కలేదు. అందరూ గొంతు తగ్గించి, ఇలా అనుకుంటున్నది తామొక్కళ్లమే అన్నట్టు చెప్పేవాళ్లు. మనసు కోరుకునేది ఆవిడ చావుని కాదు, ఈ రాత్రులు అయిపోవడాన్ని. మంచాన పడ్డవాళ్లని చూసుకునేవాళ్ల మీద ఎంత భారం ఉందో కొలవడానికి డాక్టర్లు వాడే 22 ప్రశ్నల జాబితా ఒకటుంది, జారిట్ అనే ఆయన పేరుతో పిలుస్తారు. మీరు చూసుకుంటున్న మనిషి పక్కన ఉన్నప్పుడు మీకు కోపం వస్తోందా, మీకంటూ టైమ్ మిగలడం లేదనిపిస్తోందా అని అందులో అడుగుతారు. అంటే కోపం వస్తుందని ముందే తెలిసి, ఎంత వస్తోందని అడుగుతున్నారన్నమాట. అయితే అరవడం చెయ్యి చేసుకోవడం దాకా రాకూడదు, దానికి ఏం చెయ్యాలో కింద చెబుతాను.

ముందు ఆ అన్నం ఉమ్మడం సంగతి చూద్దాం, ఎందుకంటే మీ ఇద్దరి మధ్య గొడవంతా అక్కడే జరుగుతోంది, పైగా అది ఆవిడ మొండితనం కాదని నా అనుమానం.

పక్షవాతం వచ్చిన చాలామందికి మింగే కండరాలు కూడా దెబ్బతింటాయి. కుడివైపు పడిపోయింది కాబట్టి ఆవిడ కుడి బుగ్గలో అన్నం ఉన్నా ఆవిడకి తెలియకపోవచ్చు. అక్కడ ముద్ద పోగవుతుంది, నువ్వు ఇంకో చెంచా పెడతావు, నోరు నిండిపోతుంది, ఉమ్మేస్తారు. ఇంకో విషయం. మన ఇళ్లల్లో నీరసంగా ఉన్నవాళ్లకి తేలిగ్గా ఉంటుందని చారన్నం, పల్చటి మజ్జిగన్నం పెడతాం. మింగడం కష్టమైనవాళ్లకి అదే అన్నిటికన్నా కష్టమైన తిండి, నీళ్లు ఒకవైపు జారిపోతాయి, మెతుకులు ఇంకోవైపు ఉండిపోతాయి, నోటికి రెండు రకాల పని ఒకేసారి పడుతుంది. మంచినీళ్లు కూడా అంతే, పల్చన కాబట్టి సులువుగా దిగుతాయనుకుంటాం కానీ గొంతు తప్పి ఊపిరితిత్తుల వైపు పోయేవి ముందు అవే. అన్నం బాగా మెత్తగా వండి ముద్దపప్పు, నెయ్యి వేసి మెదిపి ఒకే రకంగా చేసి పెట్టి చూడు. గట్టి పెరుగుతో మెదిపిన అన్నం, చిక్కటి రాగి జావ, మెత్తగా చేసిన అరటిపండు కూడా బాగుంటాయి. ఆవిడని నిటారుగా కూర్చోబెట్టి, వెనక దిండ్లు పెట్టి, గడ్డం కాస్త కిందికి ఉండేలా చూడు. నువ్వు నిలబడి పైనుంచి పెడితే ఆవిడ తల ఎత్తాల్సి వస్తుంది, అది ప్రమాదం, కుర్చీ వేసుకుని ఆవిడ కళ్ల ఎత్తులో కూర్చో. చిన్న చెంచాతో, నోటికి ఎడమవైపు నుంచి పెట్టు. ఒక ముద్ద దిగాకే ఇంకోటి. నాలుగైదు చెంచాలకోసారి కుడి బుగ్గలో వేలితో కాదు, టార్చ్ వేసి చూడు. తిన్నాక అరగంట పడుకోబెట్టకు. తినేటప్పుడు దగ్గు, గొంతులో గురగుర, తరచూ జ్వరం ఉంటే మాత్రం ఇంట్లో ప్రయోగాలు ఆపి న్యూరాలజీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి మింగడం పరీక్ష చేయించమని అడుగు. స్పీచ్ థెరపిస్టు అంటే మాటలు నేర్పేవాళ్లే అనుకుంటారు, ఈ మింగే పని చూసేది కూడా వాళ్లే.

ఇంకొకటి కూడా మనసులో పెట్టుకో. పక్షవాతం వచ్చినవాళ్లలో దాదాపు ముగ్గురిలో ఒకరికి డిప్రెషన్ వస్తుంది. మాట ఉన్నవాళ్లయితే చెబుతారు, మాట లేనివాళ్లు తిండి మానేస్తారు, ముఖం గోడవైపు తిప్పుకుంటారు. దానికి మందులున్నాయి, వయసైపోయిందిలే అని వదిలెయ్యకూడదు. అలాగే ఉన్నట్టుండి కారణం లేకుండా ఏడవడం, మళ్లీ ఒక నిమిషంలో మామూలైపోవడం మెదడు దెబ్బ వల్లే వస్తుంది, నువ్వు ఏదో చేశావని కాదు. ఉన్నట్టుండి మగతగా, అయోమయంగా మారిపోతే మాత్రం యూరిన్ ఇన్ఫెక్షన్ ఉందేమో, జ్వరం ఉందేమో వెంటనే చూపించాలి, ఒకవేళ రెండోసారి స్ట్రోక్ అయితే గంటలు కూడా లెక్కే. బీపీ మాత్రలు, రక్తం పలచబడే మాత్రలు ఎవరో బంధువు చెప్పారని ఆపొద్దు. నాటు వైద్యానికి తీసుకెళ్తే మందులు ఆపెయ్యమంటారు, అలా ఆపేసి రెండో స్ట్రోక్‌తో మా వార్డుకి వచ్చినవాళ్లని నేను చాలామందిని చూశాను, అందుకే ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

ఇక నీ నడుము. నువ్వు రాయలేదు కానీ నొప్పి ఉండే ఉంటుంది. మీ అత్తగారి మంచం ఎత్తు ఎంత? మామూలు నవారు మంచమో, తక్కువ ఎత్తు చెక్క మంచమో అయితే నువ్వు రోజుకి ముప్పైసార్లు నడుము వంచి బరువు ఎత్తుతున్నట్టే. ఆసుపత్రి మంచం కొనే స్తోమత లేకపోతే నాలుగు కోళ్ల కింద గట్టి దిమ్మెలు వేయించు, మంచం నీ నడుము దాకా రావాలి. కోడు దిగడానికి మధ్యలో గుంట ఉన్న సిమెంటు దిమ్మెలు మేస్త్రీ చేత పోయించుకున్నాం మేము, కదలవు. ఎత్తు పెరిగితే పడిపోయే భయం ఉంటుంది కాబట్టి పక్కకి అడ్డు కూడా పెట్టించు. తర్వాత ఒక పాత దుప్పటి సగానికి మడిచి ఆవిడ భుజాల నుంచి తొడల దాకా కింద పరిచి ఉంచు. పైకి జరపాల్సి వచ్చినప్పుడు మనిషిని పట్టుకుని లాగకుండా, ఇటొకరు అటొకరు ఆ దుప్పటి అంచులు పట్టుకుని జరపండి. ఒక్కదానివే అయితే పక్కకి తిప్పడం వరకే చెయ్యి. నీకు దూరంగా ఉన్న మోకాలు మడిచి, ఆ వైపు భుజం మీద ఒక చెయ్యి, తుంటి మీద ఒక చెయ్యి వేసి నీ వైపుకి దొర్లించు. చంకల కింద చేతులు పెట్టి పైకి లేపొద్దు, ముఖ్యంగా కుడి చెయ్యి పట్టుకుని లాగొద్దు, పడిపోయిన వైపు భుజం కీలు తేలిగ్గా జారిపోతుంది, ఆ నొప్పితో రాత్రంతా మూలుగుతారు, అప్పుడు నీకూ నిద్ర ఉండదు.

పుండ్ల గురించి నీకు ఈపాటికి ఎవరో ఒకరు చెప్పే ఉంటారు, రెండు గంటలకోసారి పక్క మార్చాలని. నిజమే. తుంటి, నడుము కింద ఎముక, మడమలు, మోచేతులు, తల వెనక రోజూ చూడు. ఎర్రగా ఉన్నచోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ ఎర్రబడాలి, తెల్లబడకుండా అలాగే ఎర్రగా ఉంటే పుండు మొదలైనట్టే, అక్కడ నూనె రాసి రుద్దొద్దు, బరువు పడకుండా చూడు. గాలి పరుపు కొనకపోతే కొను. గాలి పరుపు ఉన్నా తిప్పడం ఆపకూడదు, కానీ రాత్రిపూట తిప్పే వ్యవధి కాస్త పెంచవచ్చేమో మీ డాక్టర్‌ని అడుగు, ఆవిడ చర్మం బాగుంటే చాలామంది ఒప్పుకుంటారు. ఇది ఆవిడ కోసం ఎంత అడుగుతున్నానో నీ నిద్ర కోసమూ అంతే అడుగుతున్నాను.

ఎందుకంటే మొత్తం విషయంలో కీలకం నిద్ర. నిన్ను నువ్వు చూసుకో అని అందరూ అంటారు, యోగా చెయ్యి, పుస్తకం చదువు, ధ్యానం చెయ్యి అని. నిద్రలేని మనిషికి ఇవేవీ పట్టవు, ఇంకో నాలుగు పనులు నెత్తిన పెట్టినట్టుంటుంది. నీకు ముందు కావాల్సింది మధ్యలో లేవకుండా ఐదు గంటల నిద్ర, వారానికి కనీసం మూడు రాత్రులు. మూడు రాత్రులు ఎలా వస్తాయో లెక్క వేద్దాం.

శనివారం మీ ఆయన డ్యూటీ. "కాస్త సాయం చెయ్యండి" అని అడగకు, ఆ మాటకి అర్థం ఉండదు, అడిగిన ప్రతిసారీ అది ఆయన నీకు చేసే ఉపకారంగా మారిపోతుంది. "శనివారం రాత్రి పది నుంచి ఆదివారం సాయంత్రం ఐదు దాకా అత్తయ్య డ్యూటీ మీది, నేను ఆ గదిలోకి రాను" అని చెప్పు. మొదటి రెండు వారాలు ఆయన తప్పులు చేస్తారు, డైపర్ వంకరగా పెడతారు, మందు పది నిమిషాలు ఆలస్యం అవుతుంది. చూస్తూ ఊరుకో. నేను వార్డులో కొత్త సిస్టర్ల విషయంలో నేర్చుకున్నది ఇదే, పక్కన నిలబడి చేతిలోంచి లాక్కుంటే వాళ్లకి పని ఎప్పటికీ రాదు. ఒకటి నిజమే, మీ అత్తగారికి కొడుకు ముందు సిగ్గు ఉంటుంది, ఆ తరం ఆడవాళ్లు దానికి చాలా బాధపడతారు, మా అమ్మ అయితే మా తమ్ముడు డైపర్ మారుస్తానంటే కళ్లు గట్టిగా మూసుకుని పడుకునేది. అది మనం గౌరవించాలి. ఆ ఒక్క పనికి ఆదివారం పొద్దున, సాయంత్రం ఒక ఆయాని పెట్టుకోండి, రాత్రి మధ్యలో అవసరమైతే మాత్రం దుప్పటి కప్పి ఉంచి ఆయనే మార్చక తప్పదు. తిండి పెట్టడం, పక్క తిప్పడం, ఫిజియో చెయ్యించడం, పక్కన పడుకోవడం అన్నీ కొడుకు చెయ్యగలిగినవే.

ఆయాకి డబ్బు ఎక్కడిది అంటావు. మీది తాడేపల్లిగూడెం దగ్గర అన్నావు కాబట్టి చెబుతున్నాను, ఆంధ్రప్రదేశ్‌లో పక్షవాతంతో మంచానికో, వీల్‌చైర్‌కో పరిమితమైనవాళ్లకి ఎన్టీఆర్ భరోసా కింద నెలకి 15,000 రూపాయల పింఛను ఉంది, 2024లో పెంచారు. దానికి అర్హతలు ఉంటాయి, డాక్టర్ల సర్టిఫికెట్ కావాలి, మీ సచివాలయంలో అడిగి సదరం స్లాట్ (వైకల్యం సర్టిఫికెట్ కోసం డాక్టర్ల పరీక్షకి ఇచ్చే తేదీ) ఎప్పుడు దొరుకుతుందో కనుక్కో. చాలా ఇళ్లల్లో ఈ డబ్బు వస్తే ఇంటి ఖర్చుల్లో కలిసిపోతుంది. అది ఆవిడ సేవ కోసం వచ్చే డబ్బు, దాంతో వారానికి మూడు రాత్రులు ఒక మనిషిని పెట్టించు, ఆ మాట ముందే అందరి మధ్య అనుకోండి. (తెలంగాణలో ఉన్నవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, అక్కడ ఆసరా కింద వికలాంగుల పింఛనుని 2023లో నెలకి 4,016 రూపాయలు చేశారు.) ఆవిడకి 70 దాటి ఉంటే ఆయుష్మాన్ భారత్ వయ వందన కార్డు ఆదాయంతో పని లేకుండా ఇస్తారు, ఏడాదికి 5 లక్షల వరకు ఆసుపత్రిలో చేరితే పనికొస్తుంది, ఇంట్లో ఖర్చులకి మాత్రం పనికిరాదు. ఆయా దొరకడం కష్టమైన మాట నిజమే. ఏజెన్సీ వాళ్లు పంపే అమ్మాయిలు నెలకోసారి మారిపోతుంటారు, ప్రతిసారీ మొదటి నుంచి చెప్పుకోవాలి. నాకు కలిసొచ్చింది మా వీధిలోనే ఉండే ఒక పెద్దావిడ, అంతకు ముందు బాలింతలకి స్నానాలు పోసేది. పేషెంటుని ఎప్పుడూ చూడలేదు కానీ చేతి ఒడుపు ఉంది, నాలుగు రోజుల్లో నేర్చుకుంది. అలాంటివాళ్లు మీ దగ్గర ఉన్నారేమో వెతుకు.

మీ ఆడపడుచు సంగతి. రోజూ ఫోన్ చేసి అడగడం దూరంగా ఉన్న కూతురు పడే బాధ, దాన్ని నేను తప్పు పట్టను, తల్లిని చూడలేకపోతున్నానన్న దిగులు ఆ ప్రశ్నల్లో బయటికొస్తోంది. అయితే ఆ దిగులు భారం నువ్వు మొయ్యక్కర్లేదు. ఆవిడకి కూడా పని ఇవ్వు. నెలకి ఇంత అని ఆయా ఖర్చులో వాటా, లేదా మూడు నెలలకోసారి పది రోజులు వచ్చి ఉండి నిన్ను పుట్టింటికి పంపడం, రెండిట్లో ఏది వీలైతే అది. వీడియో కాల్‌లో రోజూ సాయంత్రం ఒక గంట అమ్మతో మాట్లాడే పని కూడా ఆవిడకి అప్పజెప్పవచ్చు, ఆ గంట నువ్వు గదిలో ఉండక్కర్లేదు, ఫోన్ స్టాండ్‌కి పెట్టేసి పెద్దమ్మాయిని పక్కన కూర్చోమను. ఇంకో మాట, ఇది గొడవకి వాడమని కాదు, నీకు తెలిసి ఉండాలని చెబుతున్నాను. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. అందులో పిల్లలు అంటే కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు అని రాశారు. కోడలు అనే మాట అక్కడ లేదు. కొడుకుకీ కూతురికీ సమానంగానే బాధ్యత ఉంది. నువ్వు చేస్తున్నది నీ మనసు కొద్దీ, ఇష్టం కొద్దీ చేస్తున్నది. ఈ సంగతి నీకు తెలిసి ఉంటే వాళ్లని అడిగేటప్పుడు గొంతు వణకదు.

చూడ్డానికి వచ్చేవాళ్ల గురించి కూడా చెప్పాలి. వస్తారు, కాఫీ తాగుతారు, "ఎంత ఓపికమ్మా నీది, ఊరికే పోదు, పుణ్యం వస్తుంది" అంటారు, పోతారు. ఆ మాటలు మంచి మనసుతోనే అంటారు, కానీ అవి విన్నాక మనం ఓపిక లేదని చెప్పుకునే దారి మూసుకుపోతుంది. నేను రెండో ఏడు నుంచి వచ్చినవాళ్లని అడగడం మొదలుపెట్టాను. "పిన్నీ, అరగంట అమ్మ దగ్గర కూర్చోండి, నేను తలస్నానం చేసొస్తాను." ఒక్కరు కూడా కాదనలేదు. చాలామందికి ఏం చెయ్యాలో తెలియక పండ్లు తెస్తారంతే, పని చెబితే సంతోషంగా చేస్తారు.

ఒక నోట్‌బుక్ పెట్టు. మేము వార్డులో రాసినట్టే, ఏ మందు ఎన్నింటికి ఇచ్చాం, ఎంత తిన్నారు, విరేచనం అయిందా, ఏ పక్కకి తిప్పాం, చర్మం ఎలా ఉంది, ఒక్కో లైను. ఇది పెద్ద పని కాదు, గోడకి తాడుతో పెన్ను కట్టి ఉంచితే చాలు. ఈ పుస్తకం లేకపోతే అన్నీ నీ బుర్రలోనే ఉంటాయి, నువ్వు బయటికి వెళ్లినా ఐదు నిమిషాలకోసారి నీకే ఫోన్ వస్తుంది. పుస్తకం ఉంటే డ్యూటీ చేతులు మారుతుంది. ఆ పుస్తకం చివరి పేజీలో నీ పేరు రాసి నీ సంగతులు కూడా రాయి. బీపీ ఎప్పుడు చూపించుకున్నావు, థైరాయిడ్ మాత్ర వేసుకున్నావా, కంటి డాక్టర్‌కి ఎప్పుడు వెళ్లాలి. ఇది ఎందుకు చెబుతున్నానంటే, మా అమ్మకి నేను రోజూ రెండుపూటలా బీపీ చూసేదాన్ని, నాలుగో ఏడు ఒకరోజు మెట్ల మీద కళ్లు తిరిగి పడితే తమ్ముడు అదే మిషన్ నా చేతికి చుట్టాడు, 190 చూపించింది. నాలుగేళ్లు ఆ మిషన్ నా చేతిలోనే ఉంది, నా చేతికి మాత్రం చుట్టుకోలేదు. నువ్వు రేపే చూపించుకో. నీళ్లు తాగు, లేవాల్సి వస్తుందని తాగడం తగ్గించే ఉంటావు, అందరం అదే చేస్తాం. అన్నం కూర్చుని తిను, గిన్నెలో మిగిలింది నిలబడి కాదు.

వారానికి ఒకసారి మూడు గంటలు ఇంట్లోంచి బయటికి వెళ్లు. కూరగాయలకో, మందులషాపుకో కాదు. నీ స్నేహితురాలి ఇంటికో, గుడికో, ఊరికే కాలవ గట్టు మీదికో. మొదటిసారి వెళ్లినప్పుడు గుండె పీకుతుంది, మధ్యలోనే వచ్చేస్తావు. రెండోసారి కూడా అంతే. మానెయ్యకు.

ఉద్యోగం గురించి నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు కానీ నాకు అదే ఎక్కువ గుచ్చుకుంది. మానేసినప్పుడు ఆవిడ ఎన్నాళ్లు ఇలా ఉంటారో ఎవరైనా డాక్టర్‌ని అడిగారా? పక్షవాతం వచ్చి బాగా చూసుకుంటే ఏళ్ల తరబడి ఉండేవాళ్లు చాలామంది. ఆర్నెల్ల పని అనుకుని మొదలుపెట్టి ఆరేళ్లు చేసినవాళ్లు మధ్యలో విరిగిపోతారు. కాబట్టి ఏళ్ల లెక్కలో ఆలోచించు. ఒంటిపూట పని దొరుకుతుందేమో మీ పాత స్కూల్లో అడుగు, ట్యూషన్లైనా సరే. వచ్చే జీతం పగటి ఆయాకే పోయినా పర్వాలేదు. రోజుకి నాలుగు గంటలు నిన్ను టీచరమ్మా అని పిలిచేవాళ్ల మధ్య ఉంటావు, అక్కడి నుంచి ఇంటికొచ్చి ఆవిడ మంచం పక్కన కూర్చునే మనిషి వేరుగా ఉంటుంది.

పిల్లల్ని పూర్తిగా దూరం పెట్టకు, అలాగని పెద్దమ్మాయిని చిన్న ఆయాని చెయ్యకు. డైపర్లు, రాత్రి కాపలా పిల్లల పని కాదు. పేపర్ చదివి వినిపించడం, జుట్టు దువ్వడం, పాట పాడటం వాళ్ల పని. పాట అంటే గుర్తొచ్చింది, మాట పోయిన చాలామందికి పాట మిగిలి ఉంటుంది, మెదడులో దానికి వేరే దారులు కూడా ఉంటాయి. మా అమ్మ నీళ్లు అనే మాట అనలేకపోయేది, కానీ సాయంత్రం దీపం పెట్టి నేను మంగళహారతి ఎత్తుకుంటే రెండో పాదం తను అందుకునేది, మాటలతో సహా. మొదటిసారి విన్నప్పుడు హారతి పళ్లెం చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మీ అత్తగారికి తెలిసిన పాట ఏదో మీ ఆడపడుచుని అడిగి ప్రయత్నించి చూడు. మీ ఇద్దరి మధ్య ఎనిమిది నెలలుగా చెంచా, డైపర్ తప్ప ఇంకేమీ లేవు, అది ఇద్దరికీ కష్టం.

మళ్లీ కోపం పైకి తన్నుకొచ్చినప్పుడు ఏం చెయ్యాలి. ఆవిడ తింటూ ఉంటే అలాగే దిండ్లకి ఆనించి కూర్చోబెట్టి, లేకపోతే పక్కకి ఒత్తిగిల్లేలా పడుకోబెట్టి, మంచం అడ్డు వేసి, నోట్లో ముద్ద లేదని చూసి, గదిలోంచి బయటికి వెళ్లు. పది నిమిషాలు. ఆవిడ అన్నం పది నిమిషాలు ఆలస్యమైతే ఏమీ కాదు. అరిచినందుకు క్షమించమని ఆవిడకి చెప్పు, ఆవిడకి మాట రాదు కానీ నీ మాట చాలావరకు అర్థమవుతూ ఉండొచ్చు. నేను అమ్మకి చెప్పాను, బాగున్న చేత్తో నా ముఖం తడిమింది.

రెండు వారాలకి మించి నిద్ర అవకాశం ఉన్నా పట్టకపోవడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం, చెయ్యి లేవడం, నేనే చచ్చిపోతే బాగుండు అనిపించడం, ఇందులో ఏది ఉన్నా అది ఓపికతో తీరే విషయం కాదు, వైద్యం కావాలి. మనసు బాధలకి సాయం చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చెయ్యి, రోజంతా ఉంటుంది, డబ్బు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలనిపిస్తే మాత్రం పొద్దున దాకా ఆగకు, అప్పుడే చెయ్యి, పక్కింటివాళ్లని లేపు. పెద్దవాళ్ల విషయంలో సమాచారం కోసం 14567 ఉంది, పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా. పాలియేటివ్ కేర్ (జబ్బుతో వచ్చే నొప్పి, బాధ తగ్గించే వైద్యం) అంటే క్యాన్సర్ చివరి రోజులవాళ్లకే అనుకుంటారు, నిజానికి మంచాన పడిన ఏ జబ్బుకైనా, చూసుకునేవాళ్ల కోసం కూడా అది పనికొస్తుంది, మీ జిల్లా ఆసుపత్రిలో ఆ విభాగం ఉందేమో అడుగు.

ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టకు, బెదిరిపోతావు. ఈ వారం రెండే. రేపు అన్నం మెదిపి, ఎడమవైపు నుంచి పెట్టి, టార్చ్ వేసి కుడి బుగ్గలో చూడు. శనివారం మీ ఆయన రాగానే బ్యాగు కింద పెట్టకముందే కాదు, భోజనం అయ్యాక, ఆ నోట్‌బుక్ చేతిలో పెట్టి డ్యూటీ టైమ్ చెప్పు, చెప్పి పక్క గదిలో తలుపు వేసుకుని పడుకో. కుడి బుగ్గలో ఏం కనపడిందో, ఆవిడ తినేటప్పుడు దగ్గుతున్నారో లేదో నాకు రాయి. కుడి భుజం ముట్టుకుంటే మూలుగుతున్నారా అన్నది కూడా రాయి, చెయ్యి కింద దిండు ఎలా పెట్టాలో విడిగా చెబుతాను.